1962: మూడు గాయాలు, మూడు జట్లు

మహాభారతంలోని యుద్ధపర్వాల పేర్లను ఒక్కసారి తలచుకోండి. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు. నాలుగూ కౌరవ సేనాపతుల పేర్లే. పాండవ పక్షాన పదునెనిమిది నాళ్లూ ధృష్టద్యుమ్నుడొక్కడే సేనాపతి. అతని పేర పర్వమే లేదు. ఒక పక్షంలో పెద్దతల ఒరిగినప్పుడల్లా కథకు పేరు మారింది. ఇందులో మరొక లెక్క కూడ ఉన్నది. భీష్ముడు నిలిచింది పది రోజులు, ద్రోణుడు అయిదు, కర్ణుడు రెండు, శల్యుడు ఒక పూట. పడినవాని స్థానంలో నిలబెట్టేవారు తరిగిపోతున్నకొద్దీ నిలిచే గడువూ తరిగిపోయింది. ఈ లెక్కను నేను తరగతిలో చాలా ఏళ్లు చెప్పాను. అయితే దాన్ని ఆటలకు అన్వయించి చూడాలన్న ఆలోచన మాత్రం పదవీ విరమణ తరువాతనే కలిగింది.

తెలుగు పండితుడికి ఫుట్‌బాల్‌తో పనేమిటని మిత్రులు అడుగవచ్చు. మా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పాఠశాలల్లో కాలిబంతికి పెద్దగా ఆదరం ఉండేది కాదన్నది నిజమే. ఇక్కడ చెడుగుడు, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్, ఆ తరువాత అన్నింటినీ మ్రింగివేసిన క్రికెట్టు. కాని 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైదరాబాదుతో బాటు హైదరాబాదు ఫుట్‌బాల్ కూడ మన రాష్ట్రానిదయింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. చివరకు దక్కింది నాలుగవ స్థానం. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లలోనూ హైదరాబాదీలు చాలామందే. ఆ వైభవాన్ని మన కోస్తా జిల్లాలవారం ఎన్నడూ మనదిగా భావించుకోలేదు. ఇది నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది.

రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో పట్టా పుచ్చుకొని, పాఠశాలల్లో పాఠాలు చెప్పుకుంటూ, 1943 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దినవాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎవరికీ ఇవ్వలేదు. తన శిష్యులకు ఆయన పెట్టిన పోటీలను గూర్చి నేటికీ కథలుగా చెప్పుకుంటారు. వాటం లేని కాలితో మాత్రమే తన్నవలెనని ఒక పోటీ. బంతిని ఎవరూ తమవద్ద అట్టిపెట్టుకొని నడిపించరాదని మరొక పోటీ. ఇవన్నీ నైపుణ్యం కోసమే అని పుస్తకాలు అంటాయి. నాకు మాత్రం ఇందులో వేరొక ప్రయోజనం కనిపిస్తుంది. రెండు కాళ్లతో ఆడగలవాడు, ఒక చోట నేర్చినది మరొక చోట చేయగలవాడు జట్టులో నలుగురుంటే ఒకడు పడిపోయినప్పుడు సేన చెదరదు. ఆ కాలపు నియమాలు తెలిస్తే దీని విలువ ఇంకా బాగా బోధపడుతుంది.

ఇప్పుడు ఫుట్‌బాల్ చూచేవారికి ఆటగాడు కుంటగానే బయటి నుండి మరొకడు రావడం సహజంగా తోస్తుంది. అప్పుడట్లా కాదు. ఇంగ్లాండు లీగు పోటీల్లో గాయపడినవానికి బదులు మరొకణ్ణి దింపే వీలు 1965లో వచ్చింది. ప్రపంచకప్‌లో ఆ వెసులుబాటు 1970 మెక్సికో పోటీలదాకా లేదు. దెబ్బ తగిలితే రెండే దారులు. బయటకు పోయి జట్టును పదిమందితో వదిలివేయడం, లేదా కుంటుతూ మైదానపు ఒక అంచున నిలబడి ఉండడం. 1956 మేలో ఇంగ్లాండు ఎఫ్.ఎ. కప్పు ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ గోల్‌కీపరు ట్రౌట్‌మన్‌కు మెడ ఎముక విరిగింది. ఆట ముగియడానికి ఇంకా పావుగంట పైగా ఉన్నది. అతడు చివరిదాకా గోలు కాచాడు, జట్టు 3–1తో గెలిచింది. విరిగిన సంగతి కొన్ని రోజులకు గాని తెలియలేదు. దీన్ని వీరగాథగా చెప్పుకోవడం పరిపాటి. నాకు వీరత్వం కంటె ముందు ఆ నియమపు క్రౌర్యమే కనిపిస్తుంది.

1962కు వద్దాం. ఆ ఒక్క ఏడాదిలో మూడు గాయాలు మూడు దేశాల ఫుట్‌బాల్ కథను మూడు దిక్కులకు మళ్లించాయి.

మొదటిది అందరికీ తెలిసినదే. చిలీలో జరిగిన ప్రపంచకప్‌లో బ్రెజిల్ తన రెండవ ఆటను జూన్ 2న చెకొస్లొవేకియాతో ఆడింది. దూరం నుండి బంతిని బలంగా తన్నబోయిన పెలేకు తొడ కండరం పట్టివేసింది. బదులు ఆటగాణ్ణి దింపే వీలు లేదు గనుక కుంటుతూనే మిగిలిపోయాడు. అప్పుడు చెక్ ఆటగాళ్లు, ముఖ్యంగా మాసోపుస్ట్, అతని కాలికి బంతి చేరినప్పుడు మీదపడకుండా, తన్నివేసే వ్యవధి ఇచ్చారు. పెలే ఆ ఔదార్యాన్ని జీవితాంతం తలచుకున్నాడు. గాయపడినవాణ్ణి కొట్టరాదని కురుక్షేత్రంలో ఇరుపక్షాలూ తొలినాడు ఒప్పుకున్న నియమం మనకు తెలుసు, అది ఎన్నాళ్లు నిలిచిందో కూడ తెలుసు. చిలీలో అది తొంభై నిమిషాలు నిలిచింది. ఆట 0–0.

పెలే తరువాతి ఆటలు వేటికీ రాలేదు. అతని స్థానంలో దిగిన అమరిల్డో స్పెయిన్‌పై రెండు గోళ్లు చేసి జట్టును గట్టెక్కించాడు. గరించా అనే వంకరకాళ్ల మాంత్రికుడు మిగిలిన భారమంతా మోశాడు. ఫైనల్‌లో మళ్లీ అదే చెకొస్లొవేకియా ఎదురయింది. ముందుగా గోలు తిన్న బ్రెజిల్‌కు సమానం చేసిన గోలు అమరిల్డోదే. 3–1తో కప్పు వారిదయింది. భీష్ముడు పడితే ద్రోణుడు గాక మరొక భీష్ముడే లేచి వచ్చిన సేన అది. అటువంటి సంపద ఏ జట్టుకోగాని ఉండదు.

రెండవ గాయం జకార్తాలో. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట జరిగిన ఆసియా క్రీడలవి. భారత జట్టుకు రహీం సాబే శిక్షకుడు, చునీ గోస్వామి నాయకుడు. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిపోయారు. తరువాత థాయ్‌లాండుపై 4–1తో గెలిచారు గాని, ఆ గెలుపుకు మూల్యంగా వెనుకవరుసకు కోటగోడ వంటి జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. జపానుతో ఆటకు అతడు లేడు, అయినా 2–0తో నెగ్గారు. మొదటి గోల్‌కీపరు తంగరాజ్ జ్వరపీడితుడు. అతనికి బదులు ప్రద్యుత్ బర్మన్ గోలు కాస్తున్నాడు. త్రిలోక్ సింగ్‌కు కాలివేలి దెబ్బ. పట్టుమని పదీ పదకొండు రోజుల వ్యవధిలో అయిదు ఆటలు ఆడవలసిన పోటీ అది. ఇప్పటి శిక్షకులైతే వైద్యుల నివేదికలు ముందు పెట్టుకొని తల పట్టుకునేవారు.

రహీం చేసిన పని చూడండి. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్‌ను వెనుకవరుసలో నిలిపితే పైనుండి వచ్చే ప్రతి బంతినీ ఎగిరి తలతో కొట్టవలసి వస్తుంది, ఎదుటివారి ముందువరుసతో పెనుగులాట తప్పదు. అట్లాగని అంతటి ఆటగాణ్ణి బయట కూర్చోబెట్టనూ లేడు. సెమీఫైనల్‌లో అతణ్ణి ముందువరుస నడుమ నిలిపాడు. వెనుకభాగాన్ని అరుణ్ ఘోష్ ప్రభృతులు చూచుకున్నారు. దక్షిణ వియత్నాంపై భారత్ 3–2తో గెలిచింది. చునీ గోస్వామి రెండు గోళ్లు చేయగా మూడవది జర్నైల్‌ది. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. ఆతిథేయ దేశపు రాజకీయాలతో భారత్‌పై ఆగ్రహించి ఉన్న జనసముద్రం మైదానం నిండా. తంగరాజ్ కోలుకొని గోలులోకి వచ్చాడు, త్రిలోక్ దెబ్బ వ్రేలితోనే దిగాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, తొలి ఇరవై నిమిషాల్లోనే రెండు గోళ్లు పడ్డాయి. కొరియా ఒకటి తిరిగి ఇవ్వగలిగింది, అంతే. 2–1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే ఆఖరి స్వర్ణం. ఆనాటి పదకొండుగురిలో తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల నుండి వచ్చినవారే.

గాయం జట్టును దెబ్బ తీస్తుందని అందరూ అంటారు. ఇక్కడ గాయమే జట్టుకు కొత్త అమరిక నేర్పింది. కొరియావారు తొలి ఆటలో చూచిన భారత జట్టు వేరు, ఫైనల్‌లో ఎదురైన జట్టు వేరు. వెనుకవరుసలో ఉండవలసిన బలశాలి తమ గోలు ముంగిట ప్రత్యక్షమవుతాడని వారెట్లా ఊహిస్తారు? అయితే ఇది అందరు శిక్షకులకూ సాధ్యమయ్యే చిట్కా కాదు. వాటం లేని కాలితో తన్నించిన పంతులుకు తన శిష్యులెవరు ఎక్కడ పనికివస్తారో తెలుసు, కనుక సాధ్యమయింది.

మూడవది ఆ ఏటి చివర, డిసెంబరు 26న. ఇంగ్లాండులో సండర్లాండ్ జట్టు రెండవ శ్రేణి నుండి మొదటి శ్రేణికి ఎగబ్రాకాలని తహతహలాడుతున్నది. బ్రయన్ క్లఫ్ అనే ఇరవైయేడేళ్ల ఆటగాడు ఆ సీజనులో అప్పటికే లీగులో 24 గోళ్లు చేసి ఉన్నాడు. మంచు గడ్డకట్టిన మైదానంలో, బరీ జట్టు గోల్‌కీపరును ఢీకొని పడిపోయాడు. మోకాలి లోపలి బంధనాలు తెగిపోయాయి. అతడు లేకనే మిగిలిన సీజను సాగింది. వసంతం చివర సొంత మైదానంలో చెల్సీ చేతిలో 0–1తో ఓడడంతో కథ తారుమారయింది. లెక్కలు తేలేసరికి చెల్సీకి, సండర్లాండ్‌కు సమానంగా 52 పాయింట్లు. గోళ్ల నిష్పత్తిలో చెల్సీ పైమెట్టెక్కింది. క్లఫ్ అరకాలు ఆడినా సరిపోయేదేమోనని ఆ ఊరివారు అనుకోని రోజుండదు. ఆ జట్టు మరుసటి ఏడాది పైకి వెళ్లింది గాని, క్లఫ్ 1964లో మూడు ఆటలు ఆడి విరమించుకున్నాడు. 274 లీగు ఆటల్లో 251 గోళ్లు చేసిన జీవితం అక్కడ ఆగింది. ఆ తరువాత శిక్షకుడై, డెర్బీని 1972లో ఇంగ్లాండు విజేతగా, నాటింగ్‌హాం ఫారెస్ట్‌ను 1979, 1980లలో ఐరోపా విజేతగా నిలిపాడు. మోకాలు బాగుండి ఉంటే ఆ రెండు ఊళ్ల చరిత్ర ఏమై ఉండేదో! ఒక ఊరు పోగొట్టుకున్నది మరి రెండు ఊళ్లకు దక్కింది.

మరి మన జట్టు సంగతి? జకార్తా నుండి స్వర్ణంతో వచ్చిన రహీం సాబ్ అప్పటికే వ్యాధిగ్రస్తుడు. ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశాడు. అదే 1963లో బలరాం క్షయవ్యాధి కారణంగా ఇరవైయేడేళ్ల ప్రాయంలో ఆట మానుకున్నాడు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టి, రహీం కంటబడి, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు నాయకుడై, 1962లో అర్జున పురస్కారం పొందిన ఆటగాడతడు. చునీ, పి.కె., బలరాం ముగ్గురినీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులంటారు. క్లఫ్ కాలు విరిగిన వయస్సూ, బలరాం ఊపిరి చెడిన వయస్సూ ఒకటే. తలపై కుట్లు పడినవానికి రహీం చోటు మార్చాడు, జ్వరపడినవానికి బదులు మరొకణ్ణి నిలిపాడు. రహీం స్థానంలో నిలపడానికి ఎవరున్నారు? 1964 ఆసియా కప్పులో భారత్ రెండవ స్థానం పొందింది. 1966 ఆసియా క్రీడల్లో తొలి దశలోనే ఇంటిముఖం పట్టింది. 1970లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన కంచు పతకం వచ్చింది. అంతే. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య వరుస గుర్తుకు వస్తుంది నాకు. రాష్ట్ర జట్టు 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలుచుకోవడం రహీం నాటిన చెట్టుకు కాసిన చివరి పండ్లలో ఒకటి.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఆనాటి ఆటగాళ్లు పోలీసు, రైల్వే, సైనిక ఉద్యోగులు. ఆట పోయినా నెల జీతం మిగిలేది. వృత్తి ఆటగాడికి దేహమే పొలం, దేహమే పంట. మోకాలు తెగినవాని ఒప్పందం మరుసటి ఏడాది ఉంటుందో లేదో. పాత పద్ధతిని అందరూ వెక్కిరిస్తారు గాని, గాయపడ్డ ఆటగాణ్ణి ఆకలికి వదలని గుణం దానికి ఉండేది.

తల సంగతి కూడ. 2019లో స్కాట్లాండులో జరిగిన పరిశోధనలో, ఒకప్పుడు వృత్తిగా ఫుట్‌బాల్ ఆడినవారు మెదడు క్షీణించే జబ్బులతో మరణించే అవకాశం ఇతరుల కంటె సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. నీరు త్రాగి బరువెక్కిన తోలుబంతిని తలతో కొట్టిన తరం అది. జకార్తా వీరుడు యూసుఫ్ ఖాన్ చివరి ఏండ్లలో పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడి 2006లో మరణించాడు. ఒకరి జబ్బుకు కారణం ఇదేనని నిర్ధారించడం మన పని కాదు. కాని ఆ వార్త చదివినప్పుడు జర్నైల్ తలకట్టును మునుపటిలా ముచ్చటగా చూడలేకపోయాను. ఈనాటి నియమాలలో తలకు దెబ్బ తగిలినవానికి బదులు దింపడానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఉన్నది. రహీం సాబ్ ఈనాడుంటే ఆ జట్టును మరెట్లా అమర్చేవాడో.

మన సీమకు వస్తాను. చెడుగుడులో గాయం తీరే వేరు. ఏడుగురి ఆట, ఒకడు తగ్గితే ఏడోవంతు పోయినట్లు. పైగా కూతకు పోయేవాడు ఒకడో ఇద్దరో. చిత్రమేమంటే మనుషులు తగ్గడం, తిరిగి రావడం ఆ ఆటలోనే ఉన్నది. అవుటయినవాణ్ణి మా పల్లెల్లో 'చచ్చాడు' అంటారు, లోపలికి వస్తే 'బ్రతికాడు' అంటారు. రేపల్లె రైలు దారిలోని ఒక ఊరి జట్టులో కూతకు పేరుపడిన యువకుడికి మోకాలు తొలగింది. పుత్తూరు కట్టు కట్టించుకు వచ్చారు, ఎముకకు పనిచేసిన కట్టు బంధనానికి పనిచేయలేదు. ఆ ఊరి పెద్దాయన ఒకసారి నాతో, "ఎన్నిసార్లు చచ్చినా బ్రతికొచ్చేవాడండీ మాస్టారూ, ఆ మోకాలు మాత్రం బ్రతకలేదు" అన్నాడు. సంక్రాంతి పోటీలకు ఆ ఊరి పేరు తరువాత నాలుగైదేండ్లు వినబడలేదు.

పెద్ద పోటీల్లోనూ ఇదే. ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్ 2021–22 సీజనులో సిద్ధార్థ్ దేశాయ్‌పై ఆశలు పెట్టుకున్నది. అతడు మూడు ఆటలాడి గాయంతో తప్పుకున్నాడు. ఇరవైరెండు ఆటల్లో గెలిచింది ఒక్కటి! 2022లో తమిళ్ తలైవాస్ రెండు కోట్ల ఇరవైయారు లక్షలు పోసి పవన్ సెహ్రావత్‌ను కొన్నది. తొలి ఆటలోనే అతని మోకాలు పోయింది, సీజనంతా పోయింది. కాని నరేందర్ అనే కుర్రవాడు కూత భారం ఎత్తుకున్నాడు, ఆ జట్టు తొలిసారిగా సెమీఫైనల్ చేరింది. బ్రెజిల్‌కు అమరిల్డో దొరికినట్లే. ఆ పవన్‌నే కోలుకున్నాక మన టైటాన్స్ రెండు కోట్ల అరవై లక్షలకు పైగా వెచ్చించి 2023లో తెచ్చుకున్నది. అతడు బాగానే ఆడాడు, జట్టు మాత్రం రెండే ఆటలు గెలిచింది. 2024లో పవన్ గాయంతో కొన్ని ఆటలకు దూరమైనప్పుడు విజయ్ మలిక్ నిలబెట్టగా పన్నెండు గెలుపులు వచ్చాయి, తరువాతి దశకు ఒక్క మెట్టు తక్కువయింది. ఖరీదైన వీరుడు లేనప్పుడే మన జట్టు జట్టులాగ ఆడిందని నా మనుమడి వాదన. నేను పూర్తిగా ఒప్పుకోను. పవన్ ఉన్న ఆటల్లోనూ ఆ ఏడు గెలుపులున్నాయి.

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు మళ్లీ ఒక వెలుగు 2022 మార్చి 20న వచ్చింది. హైదరాబాద్ ఎఫ్.సి. గోవాలో పెనాల్టీలపై కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలుచుకున్నది. ఆ జట్టును కూల్చింది మోకాలి గాయం కాదు, పైకం. జీతాలందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకున్నది.

బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించాడు. ఆట మానిన తరువాత అరవై ఏండ్లు బ్రతికాడు. తెలుగు పత్రికలు ఆ వార్తకు ఇచ్చిన చోటు నాకు చాలా తక్కువనిపించింది. జంటనగరాల మిత్రుల ఇండ్లలో ఫతే మైదాన్ ఆటలు చూచిన పెద్దలెవరైనా ఉంటే, రహీం సాబ్‌ను గూర్చి, బలరాం ఎడమ అంచున పరుగెత్తే తీరును గూర్చి వారు చెప్పినదాన్ని చెప్పినట్లు వ్రాసిపెట్టండి.